షెడ్డులో కారు, కారులో మామ

నిన్న మా అబ్బాయి కారులో నిజామాబాద్ నుంచి ఆర్మూర్ వస్తుంటే వాడి ఫోన్ మోగింది. ఫోన్ జేబులోనే ఉంది, మాట మాత్రం తలుపులోంచి వచ్చింది. నా చెయ్యి ఠక్కున గడియ మీదికి పోయింది. వాడు నవ్వాడు. వాడికేం తెలుసు, పాపం.

మా మేనత్త భర్త, అంటే మా మామ, దుబాయ్‌లో డ్రైవరు. సెలవుకు వచ్చినప్పుడు ముచ్చటపడి కారు కొన్నాడు. సెలవైపోగానే దాన్ని పసుపు బస్తాల షెడ్డులో పెట్టి, కవరు కప్పి, మళ్లీ విమానమెక్కాడు. జన్మంతా పరాయివాళ్ల బండ్లు నడిపినవాడి సొంత బండి కవరు కింద! అక్కణ్నుంచి ఫోన్ చేస్తే ఒకటే ఫికర్: వారానికోసారి స్టార్టు చెయ్యకపోతే బ్యాటరీ డౌన్ అవుతుందని, ఎలుకలు వైర్లు కొరుకుతాయని. పెళ్లాం పిల్లల మంచిచెడ్డలు ఆ తర్వాతే. అత్తకు నడపడం రాదు. ఇంజను ఆడుతున్నంతసేపూ బిగుసుకుని కూర్చునేది. ఓ శుక్రవారం అలా కూర్చున్నప్పుడు ఒళ్లోని ఫోన్ మోగి, మామ గొంతు కారు నలుమూలల నుంచీ పలికింది. ఆమె ఫోన్‌ను కారుకు బ్లూటూత్‌తో కలిపిపెట్టి పోయింది ఆయనే. మొదట హడలిపోయింది. ఆ తర్వాత ఆయనతో మాట్లాడాలంటే కారులోకే వెళ్లేది.

మామ దుబాయ్‌లోనే గుండె ఆగి పోయాడు. కారును మళ్లీ ఎవరూ స్టార్టు చెయ్యలేదు. టైర్లు నేలకంటుకున్నాయి. సీట్లకు బూజు, ఏసీ సందుల్లో పసుపు దుమ్ము. చచ్చిన బ్యాటరీని మెకానిక్ పీక్కుపోయాడు. అత్త మాత్రం ప్రతి శుక్రవారం వెళ్లి కారులో కూర్చుని తలుపేసుకునేది. లోపలి నుంచి మాటలు వినబడేవి. ఆమెకు మతి చెడిందని ఇంటిల్లిపాదీ అన్నారు. ఆమె కొడుకు కారు అమ్మేస్తానన్నాడు, తల్లిని పిచ్చి దవాఖానలో చూపిస్తానన్నాడు.

కొనేవాళ్లు నవీపేట్ నుంచి వచ్చిన పూట, ఆమెను దించే పని నా మీద పడింది. ఎండకు రేకులు చిటపటమంటున్నాయి. వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాను. అత్త మాట్లాడుతుంది, ఆగుతుంది, తలూపుతుంది, మళ్లీ మాట్లాడుతుంది. ఆ ఆగడం సరిగ్గా మామ జవాబు చెప్పేంతసేపు. చూద్దును గదా, నేనూ ఊపిరి బిగబట్టి చెవి ఒగ్గి ఉన్నాను.

అత్త నా వైపు తిరిగింది. "నీకు గూడ ఇనవడ్తుందా బిడ్డా?"

అవునన్నాను.

"గట్లయితే నాకు పిచ్చి లేదు," అని తాళంచెవి నా చేతిలో పెట్టి దిగింది. కారును గొలుసు కట్టి లాక్కుపోతుంటే వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

ఆ రోజు నాకేమీ వినబడలేదు, ఒట్టు. కానీ ఏళ్లు గడిచేకొద్దీ, ఆ కారులో మామ ఏమన్నాడో ఒక్కో మాటా తేటగా వినిపిస్తోంది.