బయటి గడియ

సామాన్ల వ్యానులో మంచం, స్టవ్వు అమర్చి, ఆ చలికాలమంతా నా భార్యను మెల్లగా ఊళ్ల వెంట తిప్పాను. ఇంటికి పోదామని ఆమె అడిగినప్పుడల్లా ఇంకొక్క ఊరు చూద్దామనేవాణ్ణి. నారాయణఖేడ్ దగ్గర, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని రోడ్డు మీద పరిచిన కంది కట్టె చక్రాలకు చుట్టుకుని వ్యాను ఆగిపోయింది. కట్టె లాగడానికి వచ్చిన ముసలమ్మ, కిటికీలోంచి నా భార్యను చూసి, వెనక తలుపు తట్టింది.

“దిగు బిడ్డా, జర ఎండల కూసో.”

“నాకు లోపల్నుంచి రాదమ్మా, ఆయనే తీస్తాడు. గడియ బయటే ఉంది,” అంది నా భార్య లోపలి నుంచి.

ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “మేమైతే కోళ్ల గూటికి పెడ్తం గిట్ల.”

ఆ గడియను లోపలికి మార్పించాలని నాకెన్నడూ తోచలేదు. తలుపు తీశాను. నా భార్య దిగి, ఆ ముసలమ్మనే అడిగింది.

“నారాయణఖేడ్ బస్సు ఇక్కడ ఆగుతుందా?”