తట్టలు మార్చి తూచడం

మా నాయన బెల్లం అమ్మడానికి చిత్తూరు మండీకి పోయి తగువు పెట్టుకోని రోజు లేదు. తక్కెడ ఒక పక్కకు వాలితే వ్యాపారి తేలిక తట్టలో రాయి పెట్టి సరిచేసేవాడు. దాన్నే పాసంగం అంటారు. సరుకునూ తూకపు రాళ్లనూ అటుదిటు మార్చి తూస్తే తక్కెడ తప్పు బయటపడుతుందని నాయన ఊరుకునేవాడు కాదు. "తట్టలు మార్చి తూయప్పా! పొద్దున ఒక రాయి పెడితివి, ఇప్పుడు ఇంకో రాయి. బస్తాకొక రాయి పెట్టేదానికి తక్కెడ యాలప్పా?" అని మండీ అంతా వినేట్టు అరిచేవాడు. నాకు సిగ్గేసేది. ఆ నోరే నాకూ వచ్చిందని తిరుపతిలో భౌతికశాస్త్రం పరిశోధనకు చేరాక తెలిసింది.

గెలాక్సీల అంచుల్లో నక్షత్రాలు ఉండాల్సినదానికంటే వేగంగా తిరుగుతాయి. కనిపించే పదార్థం బరువు ఆ వేగానికి చాలదు. అందుకని కనిపించని కృష్ణపదార్థం ఉందనుకుని, ఒక్కో గెలాక్సీకి కావలసినంత వేసి లెక్క కుదురుస్తారు. నాకది అచ్చం పాసంగంలాగే కనిపించింది. గురుత్వాకర్షణ సూత్రాన్నే కాస్త మారిస్తే అన్ని గెలాక్సీలకూ ఒకే సంఖ్య సరిపోతుందేమో పరీక్షిస్తానన్నాను.

"ఈడ కూర్చోని గురుత్వాకర్షణను దిద్దుతావామ్మా? ఆ పిచ్చి మానుకో. లేకుంటే నేను సంతకం పెట్టను," అన్నారు మా గైడు సారు. ఆయన సంతకం లేకపోతే థీసిస్ లేదు, మూడేళ్ల చాకిరీ నీళ్లపాలు. అయినా మానలేదు. మానితే ఆ నాయన కూతుర్ని ఎట్లా అవుతాను?

డిపార్ట్‌మెంటుకున్న ఒక్క కంప్యూటరు ముందు తిష్ఠ వేశాను. ఒక్కో గెలాక్సీలో కొలిచిన వేగాల చుక్కలు గ్రాఫులో నా సూత్రం గీసిన గీత మీద పడుతుంటే పొగరెక్కింది. సారు కూడా మెత్తబడ్డారు. చివరి గెలాక్సీ మాత్రం లొంగలేదు. దాని దూరం మార్చి చూశాను, వాయువు లెక్క మార్చి చూశాను. ఊహూఁ.

"దీన్ని తీసెయ్యమ్మా, మిగతావి బాగుండాయి. సంతకం పెట్టేస్తా," అన్నారు సారు.

ఆశ పుట్టింది, అబద్ధమెందుకు? ఆదివారం ఇంటికి పోయి నాయనకు చెప్పాను.

"తట్టలు మార్చి సూసినావా?"

"సూసినా నాయనా. నా తక్కెడలోనే తప్పుండేట్టుండాది."

"మండీవాని తక్కెడ కాడ అరిచే నోరు, మన తక్కెడ కాడ మూసుకోకూడదమ్మా."

సోమవారం ఆ లొంగని గెలాక్సీ గ్రాఫును థీసిస్ అధ్యాయం మొదటి పేజీలోనే అతికించి సారు బల్ల మీద పెట్టాను. "దీంతోనే సంతకం పెట్టండి సార్. తీసేస్తే నేనూ రాయి పెట్టినదాన్నే అవుతాను."

ఆయన ఎన్ని నెలలు తిప్పించుకున్నారో చెప్పను. సంతకం పడింది మాత్రం ఆ గ్రాఫు ఉన్న ప్రతి మీదే.