పన్నెండో ముద్ద

ఆ ఆదివారం మధ్యాహ్నం రెండూ పదికి మా ఆయన తన కాలి పిండికట్టును చూసి నవ్వారు. మా ఇంట్లోకి ప్రమాదం వచ్చిందని నాకు మొదటిసారి అనుమానం తగిలిన క్షణం అదే.

నవ్వితే ప్రమాదం ఏమిటంటారా? మీకు మా ప్రభాకర్ తెలియదు. కారు విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. పెళ్ళి ఫోటోల్లో కూడా పాస్‌పోర్టు ఫోటోలో ఉన్నట్టే ఉంటారు. మూడు వారాల కిందట చెత్తడబ్బా రోడ్డు మీదికి లాక్కెళుతూ మంచు మీద జారి, మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకున్నారు. అప్పటినుంచి ఆ ముఖం ఇంకా బిగుసుకుపోయి, కట్టు కాలికి వేశారో ముఖానికి వేశారో తెలియకుండా ఉంది. అలాంటి మనిషి సోఫాలో కాలు చాపుకుని, కట్టును వేలితో చూపిస్తూ, "నిర్మలా, ఇది అచ్చం మీ పెదనాన్నలా లేదూ?" అన్నారు.

"ఏంటండీ?"

"తెల్లగా, లావుగా, ఎంత చెప్పినా కదలకుండా..." అంటూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

నేనూ నవ్వాను. నన్ను భయపెట్టింది అదే. మా పెదనాన్నంటే నాకు ప్రాణం.

ఆ రోజు నేను వెలగబెట్టిన ఘనకార్యం వింటే, ఇకమీదట మా ఇంట్లో మీరు మంచినీళ్ళు కూడా వాసన చూసి తాగుతారు. అయినా చెబుతాను. పిల్లలు పడుకున్నారు, గిన్నెలు తోమడం అయింది. ఇలాంటివి పగటి వెలుతురులో రాయడానికి నాకు ధైర్యం చాలదు.

ఇదంతా పక్కింటి జూడీతో మొదలైంది. డెబ్బై దాటిన మనిషి. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యారు. నా పేరు పలకలేక "నార్మలా" అని పిలుస్తారు. నార్మల్‌గా ఉండటం నాకు చేతకాదని తెలిసే అలా పిలుస్తారేమోనని నా అనుమానం. ఏడాది కిందట ఆవిడ తుంటి ఎముక విరిగితే, మిషిగన్ ప్రభుత్వం ఇచ్చే కార్డు తీసుకుని గంజాయి వైద్యం చేసుకున్నారు. మా ఆయనకు నొప్పి మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతోందని చెప్పగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"నార్మలా, నా తుంటి అతుక్కుంది దానివల్లే. కార్డుకి అప్లై చేయించు. ఫారాలు నేను నింపిస్తాను."

ఆ మాట పట్టుకుని నేను నాలుగు రాత్రులు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఒకరు ఎముక త్వరగా అతుక్కుంటుందన్నారు, ఇంకొకరు అసలు అతుక్కోదన్నారు. డాక్టర్ని అడిగితే, "నొప్పికి కొందరు వాడతారు. ఎముక అతుక్కుంటుందని మాత్రం నేను చెప్పలేను" అన్నాడు. మా ఆయన అయితే చంకకర్ర నేలకేసి కొట్టారు.

"మన గ్రీన్‌కార్డ్ ఫైల్ ప్రాసెస్‌లో ఉంటే, నీకు గంజాయి కార్డ్ కావాల్సొచ్చిందా?"

"మీ ఎముక కోసమేనండీ..."

"నా ఎముక నా ఇష్టం. ఆ ఆకు ఈ గడప తొక్కడానికి వీల్లేదు!"

సరేనని నేను మునగాకు మీద పడ్డాను. పప్పులో మునగాకు, రొట్టెలో మునగాకు. ఇండియన్ స్టోర్ ఫ్రీజర్‌లో ఉన్న ప్యాకెట్లన్నీ మా ఇంటికే వచ్చాయి.

శుక్రవారం జూడీ ఫ్రిజ్ పాడైంది. కొత్తది వచ్చేదాకా తన సామాను మా ఫ్రిజ్‌లో పెట్టమని ఒక అట్టపెట్టె తెచ్చారు. ఇచ్చి వెళుతూ, "నా మెడిసిన్ కూడా ఇందులోనే ఉంది. పిల్లలకి అందకుండా పెట్టు" అన్నారు.

ఈ మాట నాతో చెప్పక్కర్లేదు. మా ఇంట్లో సబ్బుల అరకే రెండు తాళాలు. పెట్టె అంతా వెతికి, వారం రోజుల గళ్ళున్న ఆవిడ బీపీ మాత్రల డబ్బా తీసి, నాకే అందనంత ఎత్తున దాచాను. మిగతా పాలు, గుడ్లు, మాంసం, ఒక పెరుగు డబ్బా మా సామాను పక్కన సర్దేసి, ఎంత బాధ్యత గల తల్లినో అని నా భుజం నేనే తట్టుకున్నాను. మందంటే మాత్రో సీసాయో. గంజాయి అంటే పొగ. ఎమ్మెస్సీ చదివిన నా బుర్రలో ఉన్న సమాచారం అంతే.

ఇక డబ్బాల సంగతి మీకు తెలియనిది కాదు. మన ఇళ్ళలో డబ్బా మీద రాసింది డబ్బాలో ఉండదు. మా ఇంట్లో ఐస్‌క్రీమ్ డబ్బాలో కందిపొడి, బిస్కెట్ల డబ్బాలో సూదీదారం, పెరుగు డబ్బాలో వెన్న. అమెరికా వాళ్ళు అలా చేయరని నా గట్టి నమ్మకం. జూడీ కూడా అదే కొట్లో అదే పెరుగు కొని, ఖాళీ డబ్బా కడిగి దాచుకునే మనిషని నాకేం తెలుసు?

శనివారం నెయ్యి కాచాను. ఒక పెరుగు డబ్బాలో వెన్న ఉంది. దాని పక్కనే ఇంకో పెరుగు డబ్బాలోనూ ఉంది, కాస్త రంగు మారి. ఎప్పుడో తీసి పెట్టి మరిచిపోయి ఉంటాననుకుని రెండూ గిన్నెలో బోర్లించాను. గడ్డి కోసినట్టు వాసన వచ్చింది. ఫ్రిజ్ వాసన అనుకున్నాను. నెయ్యి కాగాక మా అమ్మ నాలుగు మునగాకులు వేసేది. ఆయన ఎముకను తలుచుకుని నేను గుప్పెడు వేశాను. నెయ్యి ఆకుపచ్చగా మెరిసింది.

ఆదివారం చర్చి నుంచి రాగానే ముద్దపప్పు, ఆవకాయ, ఆ నెయ్యి.

"నెయ్యేంటి ఇలా పచ్చగా ఉంది?" అన్నారు మా ఆయన.

"మునగాకండీ. ఎముకలకి మంచిది."

"బానే ఉంది. ఇంకో స్పూన్ వెయ్యి."

వేశాను. నేనూ వేసుకున్నాను. పిల్లలకు పప్పన్నం కలిపి, ఎప్పటిలాగే తలా ఆరు ముద్దలు చేసి ప్లేట్లలో పెట్టాను. ఒక్కో ముద్దకూ ఒక్కో పేరు: నాన్న ముద్ద, అమ్మ ముద్ద, తాతయ్య ముద్ద, బాబాయి ముద్ద, అత్త ముద్ద, ఆఖరున అమ్మమ్మ ముద్ద. ఏడేళ్ళ జోయెల్, నాలుగేళ్ళ గ్రేసీ మామూలుగా వాటితో గంటసేపు పోరాడతారు. ఆ రోజు నేను ఆవకాయ జాడీ లోపల పెట్టి వచ్చేసరికి రెండు ప్లేట్లూ కడిగినట్టున్నాయి. దేవుడికి స్తోత్రం చెప్పి కార్టూన్ పెట్టాను.

గంటన్నర తర్వాత మా ఆయన నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే కాలింగ్ బెల్ మోగింది. కొత్త ఫ్రిజ్ వచ్చిందని జూడీ తన సామాను కోసం వచ్చారు.

"నార్మలా, నా బటర్ కనపడటం లేదే?"

"ఏ బటర్?"

"పెరుగు డబ్బాలో ఉందే, ఆకుపచ్చగా. గంజాయి వేసి చేసిన బటర్. అదేగా నా మెడిసిన్!"

నా చెవుల్లో ప్రెషర్ కుక్కర్ కూత వేసింది. పొయ్యి మీద కుక్కరే లేదు.

"ఎంత వాడావు?" అన్నారు ఆవిడ, మెల్లగా.

"అంతా."

"హనీ, అది నాకు ఆరు వారాల మందు!"

సోఫాలోంచి మా ఆయన, "ఎవరు నిర్మలా, పెదనాన్నా?" అన్నారు.

"పెద్దవాళ్ళకి పరవాలేదు, నిద్రపోతే దిగిపోతుంది" అని జూడీ అంటూనే ఆగిపోయారు. "పిల్లలు తిన్నారా?"

నేను పరిగెత్తాను. పరిగెత్తాననుకున్నాను. హాలు ఎప్పుడూ పది అడుగులే. ఆ రోజు మా ఇంటి నుంచి డెట్రాయిట్ దాకా సాగింది. టీవీ ముందు జోయెల్ పడీ పడీ నవ్వుతున్నాడు. పగటి నిద్ర మానేసి ఏడాదైన గ్రేసీ, చర్చి గౌనులోనే నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

ఇంక నవ్వు రాలేదు నాకు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి ఆడుతోంది. నిద్రా, మత్తా? తెల్లవారుజామునే చర్చి పాటల ప్రాక్టీసుకు లేపాను కాబట్టి పడుకుందా, నేను తినిపించినందుకా? నా బుర్రను అడిగితే, అది ఎక్కడో దూదిలో కూర్చుని, తర్వాత చెబుతానంది.

విషం మింగితే పిలవాల్సిన నంబరు ఫ్రిజ్ మీద అంటించి ఉంటుంది. ఫోన్‌లో నర్సు గొంతు చల్లగా ఉంది.

"పిల్లలు ఎంత తిన్నారు, మ్యామ్?"

"ఆరు ముద్దలు. ఇద్దరిలో ఒక్కొక్కరూ."

"ముద్ద అంటే ఏమిటి, మ్యామ్?"

"అంటే... గుండ్రంగా... గోల్ఫ్ బంతంత."

"మీ పిల్లలు పన్నెండు గోల్ఫ్ బంతులు మింగారా?"

జూడీ ఫోన్ లాక్కుని అసలు సంగతి చెప్పారు. నర్సు గొంతు మారింది. తిన్నమాట నిజమైతే వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలంది, ముందు పెద్దపిల్లాడిని అడిగి ఖాయం చేసుకోమంది.

నేను జోయెల్ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"నాన్నా, నిజం చెప్పు. ముద్దలు తిన్నావా?"

"తిన్నాను, మమ్మీ."

"అన్నీ?"

"అన్నీ. ఐ ప్రామిస్."

"తినలేదని చెప్పు నాన్నా! ప్లీజ్!"

వాడు అనుమానంగా చూశాడు. అన్నం పారేస్తే నెల రోజులు కార్టూన్లు బంద్ అని నేనే చేసిన చట్టం. ఇది వాడికి కొత్తరకం వలలా కనిపించింది.

"తిన్నాను. చాలా బాగుంది. థాంక్యూ, మమ్మీ."

"చెల్లి?"

"అదీ తింది. గ్రేసీ వాజ్ సో హంగ్రీ."

మా ఆయన డ్రైవ్ చేయలేరు, నేను చేయకూడదు. జూడీ అంబులెన్స్‌కి ఫోన్ చేయబోయారు.

"అంబులెన్స్ ఎందుకు?" అన్నాడు జోయెల్.

"ఆ నెయ్యిలో మందు పడింది నాన్నా. తిన్నవాళ్ళని హాస్పిటల్‌లో పెడతారు, సూదులు వేస్తారు." ఇది బెదిరింపు కాదు.

వాడి కింది పెదవి వంకర తిరిగింది. "అయితే... మేం తినలేదు."

"సూదికి భయపడి చెప్తున్నావా?"

"నో, మమ్మీ! చూపిస్తా రా."

మా భోజనాల బల్ల కింద, నేలలో, వేడిగాలి వచ్చే కంత ఉంది. దానికో ఇనుప జల్లెడ. వాడు దాన్ని అలవాటైన చేత్తో ఎత్తాడు. జూడీ టార్చి వేశారు.

లోపల నా ఆర్నెల్ల వంట ఉంది. క్రిస్మస్ నాటి ముద్దలు నల్లరాళ్ళయ్యాయి. హీటర్ వేసినప్పుడల్లా ఏదో మాడిన వాసన వస్తోందని మెకానిక్‌ను రెండుసార్లు పిలిపించింది నేనే. అన్నిటికంటే పైన ఇవాళ్టివి, తడిగా, పచ్చగా.

నేను బోర్లా పడుకుని గరిటెతో ఒక్కొక్కటే తీసి పళ్ళెంలో పెట్టాను. లెక్కపెడితే తొమ్మిది. మళ్ళీ పెడితే పద్నాలుగు.

"నువ్వు పక్కకి జరుగు, నార్మలా" అని జూడీ లెక్కపెట్టారు. పదకొండు. ఇంకోసారి. పదకొండు.

"ఇంకోటి ఏది?" ఫోన్‌లో నర్సు కూడా అడుగుతోంది.

"నాది అంతా వేసేశా," అన్నాడు జోయెల్. "గ్రేసీ అమ్మమ్మ ముద్ద ఇవ్వలేదు."

నాలుగేళ్ళ పిల్ల. అంత ముద్ద. వెళ్ళి భుజాలు పట్టి ఊపాను. "గ్రేసీ! తల్లీ! లే! అమ్మమ్మ ముద్ద ఏం చేశావు? తిన్నావా?"

అది కళ్ళు నులుముకుంది. నన్ను చూసింది, జూడీని చూసింది. ఒక నిమిషం సేపు తీరిగ్గా ఆవులించింది. ఆ నిమిషంలో నేను ముసలిదాన్నైపోయాను. తర్వాత వీపు కింద తడుముకుని, చర్చిలో కానుక వేసే చిల్లర పెట్టుకునే చిన్న తెల్ల పర్సు తీసి, జిప్ లాగింది. లోపల పచ్చగా నలిగిపోయిన పప్పన్నం ముద్ద, దానికి అంటుకుని రెండు నాణేలు.

"అమ్మమ్మని హోల్‌లో వెయ్యొద్దు," అంది నిద్రగొంతుతో. "అక్కడ డార్క్."

నేను ఏడ్చానో నవ్వానో ఇప్పటికీ తెలియదు. రెండూ అని జూడీ సాక్ష్యం. నర్సు, పిల్లల్ని సాయంత్రం దాకా కనిపెట్టి ఉండమంది, మత్తుగా అనిపిస్తే వెంటనే పిలవమంది. నన్ను మాత్రం స్టీరింగూ స్టవ్వూ ముట్టుకోవద్దంది. జూడీ మాకు కాపలా కూర్చుని, పిల్లలకు కార్న్‌ఫ్లేక్స్ పెట్టారు. మా ఆయన ఆరు అరటిపళ్ళు తిని, కుటుంబ ప్రార్థనలో తన పిండికట్టు రక్షణ కోసం పేరుపెట్టి ప్రార్థించారు. అది మా పెదనాన్న పేరు.

తర్వాత ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతుక్కుందని తేలింది. తన వెన్న వల్లేనని జూడీ, మునగాకు వల్లని నేను. ఆరు వారాలు కట్టు వేస్తే ఎవరి ఎముకైనా అతుక్కుంటుందని డాక్టరు. మా ఆయన మాత్రం ఆ రోజు గురించి తనకేమీ తెలియదని, గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూలో ఎవరో అడుగుతున్నంత గంభీరంగా చెబుతారు.

ఆ ఆదివారానికి మర్నాడు పొద్దునే పిల్లలిద్దరినీ బల్ల దగ్గర నిలబెట్టి, నా కుడిచెయ్యి నిజం పెరుగు ఉన్న పెరుగు డబ్బా మీద ఉంచి ప్రమాణం చేశాను. "ఈ రోజు నుంచి పేరు రాయని డబ్బా మీ అమ్మ ముట్టుకోదు. మూత తీసి వాసన చూడని వెన్న కాచదు. ఇంకొకరు మందంటే, ఏ మందో అడగకుండా ఫ్రిజ్‌లో పెట్టదు. మీరు కూడా చెప్పండి. అబద్ధం ఆడకూడదు. అన్నం కంతలో వేయడం తప్పు."

జోయెల్ స్కూల్లోలా చెయ్యెత్తాడు. "కానీ మమ్మీ, నిన్న మేం తినుంటే? నిన్న వేయడం కూడా తప్పేనా?"

నేను గ్రేసీ వైపు చూశాను. అది ఖాళీ పర్సు తెరిచి, లోపలికి ముక్కు పెట్టి అమ్మమ్మ వాసన చూస్తోంది.

"తప్పే నాన్నా," అన్నాను. "నిన్న తప్ప."