టైరు అవతలి పక్క

అరవై మూడో ఏట నేను ఒక్క రోజులో మూడు వందల కిలోమీటర్లు సైకిలు తొక్కాను. అశోక్‌నగర్‌లో మేం సాయంత్రాలు కూర్చునే చాయ్ హోటల్లో ఎవరినడిగినా ఇదే చెబుతారు. వాళ్ళకు చెప్పింది నేనే కనుక మాటలో తేడా రాదు. కాగితం మీదికి వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆడడం లేదు. రెండు వందలు. అందులోనూ ఇంకా కొంత తీసెయ్యాలి.

అది 2011. ఎవరో సైకిలు పిచ్చివాళ్ళు చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర గోడకు ఒక కాగితం అంటించారు. నారాయణగూడలో పొద్దున ఆరింటికి బయల్దేరి, వరంగల్ రోడ్డున వంద కిలోమీటర్లు పోయి, తిరిగి రావాలి. పోటీ కాదు, ఫస్టు సెకండు లేవు. పదమూడున్నర గంటల్లోపు వచ్చినవాడు పాసు, రానివాడు ఫెయిలు.

"గిదెంత పని? వయసుల ఉన్నప్పుడు సైకిల్ మీద శ్రీశైలం పోయొచ్చినోణ్ణి" అన్నాను పక్కనున్న మిత్రుడితో. నేను శ్రీశైలం పోయింది బస్సులో. ఘాట్ రోడ్డులో వాంతులు కూడా అయ్యాయి.

ముప్పై ఏళ్ళు మేమిద్దరం ఒకే ఆఫీసులో ఎదురెదురు బల్లల దగ్గర పనిచేశాం. అతను కవాడిగూడ నుంచి నడిచి వచ్చేవాడు. దారిలో ఎవరు పలకరించినా ఆగేవాడు, ఎవరి బండి మొరాయించినా ఓ చెయ్యి వేసేవాడు. హాజరు రిజిస్టరులో అతని వరసంతా ఎర్ర సిరా లేటు మార్కులే. ప్రతి స్టేషన్లో ఆగే బండిలా 'ప్యాసింజర్' అని పేరు పెట్టింది నేను. ఆఫీసంతా అదే ఖాయం చేసింది. రిటైరైన రోజు దండ వేస్తూ ఆఫీసరు కూడా నోరు జారి ప్యాసింజర్ గారూ అన్నాడు.

కాగితాన్ని రెండుసార్లు చదివి అతనన్నాడు: "ఒక్కసారన్న టైముకు వచ్చిండు అని రాసిచ్చిన కాగితం గావాలె భాయ్. పోయే లోపల ఒక్కటి. నువ్వొస్తనంటే నేనొస్త."

మూడు నెలలు తెల్లవారుజామునే లేచి ట్యాంక్‌బండ్ చుట్టూ తొక్కాం. అతనిది ఒకటే నడక, కుండలో పప్పు ఉడికినట్టు. నాది రెండు ఫర్లాంగులు ఉరుకుడు, ఆపైన చెట్టు నీడ వెతుకుడు. "డాక్టర్‌ను అడిగినవా?" అంది మా ఆవిడ. "అడిగిన, తొక్కుమన్నడు" అన్నాను. అబద్ధం కాదు. ఆయన పళ్ళ డాక్టరని మాత్రం చెప్పలేదు.

బయల్దేరే ముందు తలా ఒక అట్టకార్డు ఇచ్చారు. దారిలో రెండు చోట్ల మనుషులుండి దాని మీద ముద్ర వేస్తారు. వందో కిలోమీటరు దగ్గర మనిషి ఉండడు. కార్డు మీద ఒక ప్రశ్న ఉంటుంది, అక్కడికి పోయి చూసి జవాబు రాసుకోవాలి. మా ప్రశ్న: పంక్చర్ దుకాణం ముందు కట్టెకు వేలాడే టైరు రోడ్డు వైపు ఏ రంగు?

భువనగిరి దాకా అందరికంటే ముందు నేనే. జనగామ వచ్చేసరికి కుడి పిక్క రాయిలా బిగుసుకుపోయింది. మిత్రుడు వెనక నుంచి వచ్చి దిగబోయాడు.

"దిగకు. నీకు టైమైతది. నువ్వు పో, నేను నీ వెనకాలనే ఉన్న."

"పక్కా వస్తవా?"

"వస్త. టైరు కింద కూసో, నేనొచ్చినంక ఇద్దరం కలిసి తిరుగుదాం."

ఆ మాట నేనెందుకన్నానో ఇవాళ్టికీ తెలియదు. ఊరికే పొమ్మంటే పోయేది. అతను పోయాడు. నేను ఇంకొంచెం తొక్కాను, తొంభై ఒకటో రాయి దగ్గర కాలు మొత్తుకుంది. అప్పుడే అటునుంచి తిరిగి వస్తున్న ఒకాయన నీళ్ళ కోసం ఆగాడు. "టైరు ఏ రంగు?" అన్నాను, సరదాగా అడిగినట్టు. "పసుపు" అన్నాడు. కార్డు తీసి 'పసుపు' అని రాశాను. హ్యాండిలు నారాయణగూడ వైపు తిప్పాను. అంటే రెండు వందలకు పద్దెనిమిది తక్కువ.

నేను ఏడుంబావుకు చేరాను. గడువు ఏడున్నర. బల్ల మీద గడియారం పెట్టుకుని కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఏడున్నర అయింది. వాళ్ళు బల్ల మడిచారు. ఏడూ యాభైకి అతను వచ్చాడు, ఒళ్ళంతా దుమ్ము. కార్డు ఇయ్యలేదు, గడియారం చూడలేదు, తిన్నగా నా దగ్గరికి వచ్చి భుజం పట్టుకున్నాడు.

"ఉన్నవా! ముప్పావు గంట కూసున్న. ఎంతకూ రాకపాయె. వచ్చేటప్పుడు చెట్టు చెట్టు కిందా చూసిన, దవాఖానల గూడ అడిగిన. ఎక్కడన్న పడ్డవేమో అని పరేషానైన."

"నేనొచ్చి పోయిన భాయ్. నువ్వు నీళ్ళకో దేనికో పోయినవ్ గావచ్చు, కనపడలే."

నా మొహంలోకి చూశాడు. "అయ్యుంటది" అన్నాడు. అంతే.

నాకు పతకం వచ్చింది. అతని కార్డు మీద 'గడువు దాటింది' అని రాసిచ్చారు, ఎర్ర సిరాతోనే.

తర్వాత మూడేళ్ళు చాయ్ హోటల్లో చెప్పిన కథలో నేను ఆ టైరు కింద కూర్చున్నాను, ఆ దుకాణదారు ఇచ్చిన చాయ్ తాగాను. హాస్టళ్ళలో ఉండి సర్కారు పరీక్షలకు చదివే పిల్లలు చుట్టూ చేరి వినేవాళ్ళు. మిత్రుడు పక్కనే కూర్చుని అవునవునని తల ఊపేవాడు. ఈ ఏడాదే, 2014లో, ఓ సాయంత్రం కొద్ది మార్కుల్లో పరీక్ష తప్పిన అమ్మాయి ఒకతి అతన్ని చూపించి అడిగింది: "మరి ఈ తాత ఎందుకు ఫెయిలైండు?"

"ఆయన ప్యాసింజర్ బిడ్డా, లేటుగనే వస్తడు" అన్నాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు.

మర్నాడు పొద్దునే పతకం జేబులో వేసుకుని కవాడిగూడ పోయాను. గుమ్మంలోనే మొత్తం చెప్పేశాను. అతను గడ్డం గీసుకుంటూ విన్నాడు.

"టైరుకు రెండు పక్కలుంటయ్ గదా" అన్నాడు. "రోడ్డు దిక్కుది పసుపు. అవతలి పక్క ఏం రంగని నిన్ను ఎన్నడన్న అడిగిన్నా?"

"లే."

"ముప్పావు గంట దాని కిందనే కూసున్న. హోటల్ల అందరి ముంగట ఒక్కసారి అడిగితే నీ కథ ఖతం."

"మరి ఎందుకడగలే?"

"నువ్వే జెప్తవని చూసిన. మూడేండ్లాయె. ఇప్పుడు జెప్పు, ప్యాసింజర్ ఎవరు?"

పతకం తీసి బల్ల మీద పెట్టాను. వేలితో వెనక్కి నెట్టాడు. "నాకెందుకిది? నేను టైముకు రాలే గదా."

"అవతలి పక్క ఏం రంగు?"

"పోయి చూసుకో. సైకిల్ మీద."

మొన్న ఆదివారం పోయి చూసి వచ్చాను. ఎరుపు. కాదు, ఉప్పల్ కూడా దాటలేదు, పిక్క పట్టేసింది. ఎరుపని ఊరికే రాశాను.

ఇప్పుడు రోజూ హోటల్లో కూర్చోగానే అతను అడుగుతాడు: "ఏం రంగు?" ఇంకా చూడలేదంటాను. నిన్న ఆ అమ్మాయి వింది. "ఏంది తాతా, దేని రంగు?" అంది. మిత్రుడు చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు, సాయానికి రాలేదు.

"మొదలు, అది మూడు వందలు కాదు బిడ్డా" అన్నాను.