పీరా చిలికిన వాల్వులు

రోజూ షెడ్డుకు బయలుదేరే ముందు పీరా ఇంట్లో మజ్జిగ చిలుకుతాడు. అరచేతుల మధ్య తిప్పే చిన్న కవ్వంతో.

"ఏమప్పా పీరా, నీ పెండ్లాం బషీరాబీ ఈ పని నీకే అంటగట్టినాదా?" అని పక్కింటి సంతోషమ్మ గోడ అవతలినుంచి నవ్వుతుంది.

"చేతులకు అలవాటు తప్పగూడదు కదక్కా," అంటాడు పీరా.

నిజమే. కర్నూలులో బస్సు ఇంజన్లు విప్పి బాగుచేసే పీరాకు ఆ చేతుల నేర్పే బతుకు. ఇంజనులోకి గాలిని రానిచ్చి, పొగను బయటికి పంపే మూత వాల్వు. చూడడానికి పుట్టగొడుగులా ఉంటుంది. అది తన గూట్లో సందు లేకుండా కూర్చోకపోతే బస్సు ఎత్తు ఎక్కదు. పీరా దాని అంచుకు గరుకు ముద్ద పూసి, పైన పుల్ల బిగించి, కవ్వంలా తిప్పుతూ గూటికి సరిపోయేదాకా అరగదీస్తాడు. అతనికి చదువు రాదు. అయినా వాల్వును దాగలి మీద తట్టి, మోతను బట్టి అది ఇంగ్లండుదో అమెరికాదో చెప్పేస్తాడు.

1943లో యుద్ధం వల్ల ఆ దేశాల ఓడలు రావడం తగ్గి, మద్రాసు అంగళ్లలో వాల్వులు కరువయ్యాయి. గరుకు ముద్ద కూడా దొరకలేదు. షెడ్డుకు వచ్చే బస్సులు ఒక్కొక్కటే మూలపడ్డాయి. చివరికి మిగిలింది బేతంచెర్లకు తిరిగే బొజ్జన్న బస్సు. పెట్రోలు దొరక్క బొగ్గు గ్యాసుతో నడిచి నడిచి దాని వాల్వుల అంచులకూ గుంటలు పడ్డాయి.

"శుక్రవారం దాకా చూస్తా. కదల్లేదంటే పాత ఇనుము కింద అమ్మేస్తా," అన్నాడు బొజ్జన్న సోమవారం నాడు. ఆ బస్సు పోతే పీరా షెడ్డు మూసుకోవలసిందే.

పీరా బేతంచెర్లలో నాపరాళ్లను నునుపు చేసే పొడి తెచ్చాడు. ఆముదంలో కలిపి మంగళవారమంతా తిప్పాడు. వాల్వును గూట్లో కూర్చోబెట్టి పైన కిరసనాయిలు పోస్తే, కిందికి కారిపోయింది. తుడిచి చూస్తే అంచునిండా గీతలు.

"ఇంజనంటే నాపరాయి అనుకొంటివా ఏంది?" అన్నాడు బొజ్జన్న.

పీరా మిగిలిన పొడిని ఇంటికి తెచ్చాడు. బషీరాబీ దాన్ని వేళ్లతో నలిపి చూసింది.

"ఇంత మొరటుగా ఉండాది, గీతలు పడవా మరి? గోడలకు సున్నం తేర్చుకోమా, అట్ల తేర్చాల దీన్ని."

ఆమె పొడిని కుండనీళ్లలో కలిపి, బరువైనది అడుగుకు దిగగానే పైనీళ్లను ఇంకో కుండలోకి వంచింది. ఆ నీళ్లు తేరుకున్నాక అడుగున కళ్లకు పెట్టుకునే సుర్మా అంత మెత్తని పొడి మిగిలింది.

దానితో పీరా రెండు రోజులు తిప్పాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. గీతలూ గుంటలూ పోయి, అంచు చుట్టూ తెగని బూడిదరంగు వలయం వచ్చింది. గురువారం మళ్లీ కిరసనాయిలు పోశాడు. బొజ్జన్న వాల్వు కింద వేలు పెట్టి తడిమి, వాసన చూశాడు. వేలు పొడిగానే ఉంది.

"శానా మొండోడివప్పా నువ్వు!"

"నేను కాదన్నా, మా ఇంట్లోది," అన్నాడు పీరా.

శుక్రవారం బస్సు దారిలోని ఎత్తులన్నీ ఆగకుండా ఎక్కింది. ముందు సీటులో బషీరాబీ కూర్చుంది.

యుద్ధం ముగిసి రెండేళ్లయింది. మద్రాసుకు మళ్లీ కొత్త వాల్వులు వస్తున్నాయి. పీరా వాటిని కూడా గూట్లో తిప్పి, కిరసనాయిలు పోసి చూశాకే బిగిస్తాడు. అందుకు వాడే పొడిని ఇప్పటికీ బషీరాబీయే తేర్చి ఇస్తుంది.