దక్షిణం గోడ

వన్‌టౌన్‌లో తువ్వాళ్లు, లుంగీలు హోల్‌సేల్‌గా అమ్మే వేణుగోపాల్‌కి గిటారు పిచ్చి ఉందని బజారంతా ఎరుగును. నలభై దాటినా ఆ పిచ్చి కుదరలేదనీ ఎరుగును.

కుర్రతనంలో అతనికి గిటారు సౌండు పెంచే, బియ్యం డ్రమ్మంత యాంప్ ఉండేది. దాన్ని మోగిస్తే కింద గోడౌన్‌లో మూటలు మోసేవాళ్లు ఆగి పైకి చూసేవారు. తండ్రి వెంకటప్పయ్య మెట్ల దగ్గర నిలబడి, "సౌండు తగ్గించరా" అని కేకేసేవాడు. ఒకనాడు విసిగి ఆ యాంప్‌ని ఎవరికో ఇచ్చేశాడు. ఆ తర్వాత తండ్రీకొడుకులు బేరాల గురించే తప్ప పాట గురించి మాట్లాడుకోలేదు. ఆయన పోయేదాకా అంతే. వేణుగోపాల్‌కి ఆ బాధ ఇప్పటికీ తీరలేదు.

ఇప్పుడు యాంప్ కంప్యూటర్‌లోకి వచ్చి కూర్చుంది. గిటారు వైరు తగిలిస్తే చాలు, సాఫ్ట్‌వేరే పెద్ద యాంప్ గొంతుతో అరుస్తుంది. ఆ అరుపు హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాడికే. బయటికి వినిపించేది తీగల టిక్కుటిక్కే. ఆ పాత యాంప్ పోయాక కొడుకు ఏం వాయిస్తున్నాడో తల్లి పున్నమ్మకి తెలియదు, పాపం.

మొన్నామధ్య హైదరాబాద్‌లో సినిమా పాటలు కట్టే ఒకాయన చిన్న బిట్ వాయించి పంపమన్నాడు. జీవితమంతా ఎదురుచూసిన పిలుపు. ఆదివారం పొద్దున్నే, తల్లి చెప్పినట్టు తూర్పు తిరిగి కూర్చుని, వాయించి పంపాడు. కాసేపటికే ఫోన్ వచ్చింది.

"వాయింపు బాగుందండీ. కానీ వెనక బుయ్యిమని మోత వస్తోంది. సాయంత్రంలోగా శుభ్రంగా పంపండి. లేకపోతే వేరేవాళ్లని చూసుకుంటాను."

మోత కిటికీ బయటి ట్రాన్స్‌ఫార్మర్‌ది. గిటారు దాని రొదనీ పట్టుకుంటుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని పదింతలు చేస్తుంది. వేణుగోపాల్ కుర్చీ తిప్పుతూ చూశాడు. తూర్పుకీ, పడమరకీ బుయ్యే. ఉత్తరాన కంప్యూటర్ ఉంది, దాని గోల దానిది. దక్షిణం తిరిగేసరికి మోత ఠక్కున ఆగిపోయింది.

"శుభమా అని పని మొదలెడతా, అటు తిరుగుతావేంట్రా?" అంది గుమ్మంలోంచి పున్నమ్మ.

"ఇటైతేనే మోత రావట్లేదమ్మా."

"అటు తిరిగి చేసేవి పోయినోళ్ల పనులు. నేనుండగా వద్దు."

అతను తల్లి మాట దాటే మనిషి కాదు. మళ్లీ తూర్పుకి తిరిగాడు. మళ్లీ బుయ్యి. గిటారు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుండిపోయాడు. ఆ మొహం చూడలేక పున్నమ్మ హాల్లోకి వెళ్లిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతిలో వెంకటప్పయ్య ఫోటో ఉంది. కొంగుతో అద్దం తుడిచింది. దక్షిణం గోడకున్న క్యాలెండర్ తీసేసి, ఆ మేకుకి పటం తగిలించింది.

"అటు తిరిగేది పెద్దోళ్ల కోసమేగా. మీ నాన్నకే వినిపించు. ఇంక దోషం ఉండదు."

వేణుగోపాల్ దక్షిణానికి తిరిగాడు. తండ్రి ఎదుట వాయించి ఇరవై ఏళ్లు దాటింది. మొదటిసారి తప్పులు పడ్డాయి. రెండోసారి ఆ మొహంలోకే చూస్తూ చివరిదాకా వాయించాడు. మోత లేదు. పంపించాడు. "ఇప్పుడు బాగుంది, ఇదే వాడుకుంటాం" అని జవాబు వచ్చింది.

"ఏదీ, నన్నూ విననీ," అంది పున్నమ్మ. హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాడు. ఆమె ఉలిక్కిపడి కుర్చీ పట్టుకుంది. ఇన్నాళ్ల టిక్కుటిక్కు ఇదా అన్నట్టు కొడుకుని చూసింది. కళ్లు నిండాయి. పటం వంక చూసి, "కాస్త సౌండు తగ్గించరా. మీ నాన్న ఎదురుగానే ఉన్నారు," అంది.

వేణుగోపాల్ తగ్గించబోయాడు. పున్నమ్మ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దులే. విననీ ఆయన్ని."