సింహాచలం మానేసిన మాత్ర

2023 వానాకాలం. నేనప్పుడు బిష్టుపూర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును, ఈఎన్‌టీ వార్డు నాది. ముక్కున్నన్నాళ్లూ పడిశం తప్పదంటారు గాని, నా పేషెంటు సింహాచలానిది పడిశం కాదు. సైనస్‌లలో ఏళ్ల తరబడి వాపు, ముక్కు లోపల పాలిప్స్, అంటే ద్రాక్షపండ్లలా వేలాడే మెత్తటి కండలు. పక్కనే ఆదిత్యపూర్ ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు వెల్డరు, నాలాగే ఉత్తరాదికి వలసొచ్చిన తెలుగువాడు. కూర మాడినా అతనికి వాసన తెలిసేది కాదు.

ఆపరేషన్‌కు ముందు డాక్టరుగారు కొద్దిరోజులు స్టెరాయిడ్ మాత్రలు వాడించారు. వాటితో పాలిప్స్ కుంచించుకుపోతాయి, కోసేటప్పుడు నెత్తురు తక్కువ పోతుంది.

"మాత్రలేసుకున్నాక ఇంట్లో సేపలు ఏపుతుంటే వాసన తెలిసింది సిస్టర్. ఎన్నేళ్లయిపోనాదో," అన్నాడు ఆపరేషన్‌కు చేరిన రోజున. ఆ ముఖం చూసి నాకూ సంతోషమేసింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. మాత్రలు కొన్నాళ్లు వాడి, తగ్గిస్తూ ఆపేయమని పంపించాం. తర్వాత చెకప్‌కు రాలేదు.

మరుసటి ఎండాకాలం అతణ్ణి క్యాజువాలిటీకి మోసుకొచ్చారు. వాంతులు, స్పృహ లేదు, బీపీ పడిపోతోంది. తెలుగు రాని డ్యూటీ డాక్టరు వడదెబ్బ అనుకుని సెలైన్ ఎక్కిస్తూ, భార్య పార్వతితో తెలుగులో మాట్లాడమని నన్ను పిలిపించాడు.

"ఏటి మందులు వాడతన్నారమ్మా?"

"ఏటీ లేవమ్మా."

అతని ముఖం గుండ్రంగా ఉబ్బి ఉంది. స్టెరాయిడ్ చాలాకాలం వాడినవాళ్ల ముఖం అలాగే ఉంటుంది. "ముందర వాడేవోరా?" అన్నాను.

"ఆ ముక్కు మాత్రలే. వాసన మళ్లీ పోనాదని షాపులో కొనుక్కుని నెలల్నుంచి ఏసుకున్నారు. ఫ్యాక్టరీ గేట్ పాస్‌కి మెడికల్ టెస్టు ఉంది గదా, ఆ మాత్రలతో సుగరు పెరిగి అందులో తేలుతాదని ఎవలో సెప్పినారంట. తేలితే లోపలికి రానీరు, పని పోద్ది. అందుకే మొన్న ఒక్కసారే మానేసినారు."

అన్నాళ్లు మాత్ర మింగితే ఒంట్లో తనంతట ఊరే స్టెరాయిడ్ ఊరడం ఆగిపోతుంది. బయటిదీ ఒక్కసారిగా ఆపేస్తే ఒంటికి ఆసరా ఉండదు. పరుగున వెళ్లి డాక్టరుకు చెప్పాను. ఆయన వెంటనే ఆ స్టెరాయిడ్‌కు బదులుగా హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇచ్చాడు. అప్పటికే ఆలస్యమైంది. మధ్యాహ్నానికి సింహాచలం పోయాడు.

డాక్టరు చీటీ అడగకుండా అమ్మిన ఆ షాపువాడి మీద నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. పార్వతి మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. "మాత్రలు మానేసినారని నాను సంతోషపడ్డానమ్మా," అంది, అంతే. నేను ఆమె పక్కన కూర్చున్నాను.

ఇప్పుడు ఎవరొచ్చినా ఏం మందులు వాడుతున్నారని అడుగుతాను. ఏమీ లేవన్నా వదలను. ఏం మానేశారని అడుగుతాను.